మీరిచ్చిన మాట మీద నిలబడండి: రామ్ గోపాల్ వర్మ గారికి నెల్లూరు, ఒంగోలు అభిమానుల బహిరంగ లేఖ

శ్రీ రామ్ గోపాల్ వర్మ గారికి నమస్కారం.

మేం నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు వైపు వాళ్ళం. మాలో బడిపంతుళ్ళున్నారు, రొయ్యల చెరువుల మీద బతికేవాళ్ళున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, డిగ్రీ చదువుతున్న పిల్లలున్నారు. మీ పాత సినిమాల మీద ప్రేమ తప్ప మమ్మల్ని కలిపే సంఘం గానీ, జెండా గానీ ఏదీ లేదు. మీరు మళ్ళీ మీలాగా సినిమా తీయాలని అభిమానులు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. ఆ మాట మీ దాకా చేరినట్టు మాకు కనపడలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాం.

పొగడ్తలు మీకు నచ్చవని తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాం.

2025 జనవరి 17న 'సత్య' మళ్ళీ థియేటర్లకు వచ్చింది. ఆ సమయంలో ఆ సినిమా మళ్ళీ చూసుకుని, కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదని మీరే ఎక్స్‌లో రాశారు. విజయం, అహంకారం తలకెక్కి దారి తప్పానని రాశారు. అసలు దర్శకుణ్ణి ఎందుకు కావాలనుకున్నానో ఆ గౌరవంతోనే ఇకమీదట ప్రతి సినిమా తీస్తానని రాశారు. తర్వాత కొద్ది రోజులకే 'సిండికేట్' అనే సినిమా ప్రకటించారు. ఆ రాత చదివి మాలో చాలామంది ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నాం. ఒక దర్శకుడు ఇంత సూటిగా తన గురించి తాను చెప్పుకోవడం మేమెన్నడూ చూడలేదు. ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టలేదు. ఆ మాట మీ అంతట మీరు ఇచ్చారు.

ఆ మాట ఇచ్చిన మూడు నెలల్లోపే, ఏప్రిల్ 4న, మీ కథతో, మీ పేరు పెద్దగా కనపడే పోస్టర్లతో 'శారీ' వచ్చింది. దర్శకత్వం మీది కాదు, నిజమే. కానీ మా ఊళ్ళో పోస్టరు చూసినవాడు కింద చిన్న అక్షరాలు చదవడు, వర్మ సినిమా వచ్చింది అనే అంటాడు. అప్పుడు మొదలైంది మా దిగులు.

మేం కోరుకుంటున్నది ఏంటో ముందు స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే పాత వర్మ కావాలి అని ఎవరన్నా అంటే మళ్ళీ ఒక మాఫియా కథ అడుగుతున్నారని మీరు అనుకోవచ్చు. మాకు ఇంకో 'శివ' వద్దు. 'శివ' తీసినప్పుడు మీరు పడిన శ్రద్ధ కావాలి.

1989 అక్టోబర్ 5న 'శివ' విడుదలైనప్పుడు నెల్లూరు వి.ఆర్. కాలేజీలోనూ, కావలి జవహర్ భారతిలోనూ, ఒంగోలు శర్మా కాలేజీలోనూ చదువుతున్నవాళ్ళు మాలో ఉన్నారు. కాలేజీ సైకిల్ స్టాండులో చైను లాగి చూడని కుర్రాడు లేడు. చైను ఊడి రాలేదు, చేతులకు గ్రీజు మాత్రం అంటింది. కానీ ఆ కుర్రాళ్ళను నిజంగా పట్టుకున్నది ఆ చైను ఒక్కటే కాదు. మీరు విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చూసిన మనుషులే తెర మీదకు వచ్చారు. ఆ క్యాంటీన్, ఆ మెట్లు, గేటు దగ్గర ఊరికే నిలబడే బ్యాచ్, అన్నీ మాకు తెలిసినవే. రఘువరన్ గారి భవాని గొంతు పెంచకుండా మాట్లాడతాడు, హాలంతా నిశ్శబ్దం అయిపోతుంది. అన్నకూతుర్ని సైకిల్ మీద ఎక్కించుకుని శివ సందుల్లో తొక్కుతుంటే వెనక తరుముకొచ్చేవాళ్ళ కంటే ఆ పిల్ల ముఖమే మాకు భయం వేయించింది. స్టెడీక్యామ్ అనే మాట మాకప్పుడు తెలియదు. కెమెరా మనతో పాటు పరిగెడుతోందని మాత్రం తెలిసింది.

1991లో 'క్షణక్షణం'. ఒక మామూలు ఉద్యోగం చేసుకునే అమ్మాయి, చేతికి అనుకోకుండా వచ్చిన ఒక కవరు, ఒక చిల్లర దొంగ, అడవి. అంతే కథ. చీకటికి భయపడే శ్రీదేవి గారిని నిద్రపుచ్చే ఆ పాటలో మా నెల్లూరు బాలు గారి గొంతు ఉంది, సిరివెన్నెల గారి మాట ఉంది, కీరవాణి గారి బాణీ ఉంది. దొంగతనం కథలో జోలపాట పెట్టాలని ఎవరికి తడుతుంది? మీకు తట్టింది. 1992లో 'రాత్రి'తో తలుపు కిర్రుమంటే ఉలిక్కిపడేలా చేశారు. 1993లో 'గాయం'. 1998లో 'సత్య'. హిందీ అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళం కూడా అందులో గ్యాంగు నాయకుడు భీకూ మాత్రే భార్యతో కొట్లాడుతుంటే మా వీధిలో మొగుడూ పెళ్ళాల గొడవ విన్నట్టే చూశాం. సినిమాహాల్లో తొక్కిసలాట జరిగే ఆ సీను మేం హాల్లోనే కూర్చుని చూశాం. సినిమా అయిపోయాక బయటికి వచ్చే జనాన్ని చూసినా కాసేపు టెన్షన్ వేసింది.

1999లో 'కౌన్' తీశారు. ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు, బయట వాన, కాలింగ్ బెల్. ఇది ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నామంటే, ఇప్పటి సినిమాలు తక్కువ ఖర్చుతో తీస్తున్నారు కాబట్టి అలా ఉన్నాయని మిమ్మల్ని వెనకేసుకొచ్చేవాళ్ళు మాలోనే ఉన్నారు. 'కౌన్' కంటే తక్కువలో ఏముంటుంది? 2011లో 'దొంగల ముఠా'ను చిన్న కెమెరాలతో, గుప్పెడు మందితో, ఐదు రోజుల్లో తీసి చూపించారు. అది ప్రయోగం, దాన్ని మేం గౌరవిస్తాం. కానీ ఆ తర్వాత తొందర అలవాటైపోయింది. ఖర్చు తగ్గితే మాకు అభ్యంతరం లేదు, ఆలోచన తగ్గితేనే బాధ.

నా సినిమా నా ఇష్టం, నచ్చకపోతే చూడొద్దు అనే అర్థంలో మీరు ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పారు. చాలామంది అదే చేశారు, చూడటం మానేశారు. కానీ దానితో విషయం అయిపోవడం లేదు. దాని భారం ఎవరి మీద పడుతోందో వరసగా రాస్తున్నాం, దయచేసి చదవండి.

1. టికెట్ కొనేవాడి సంగతి. కొత్తపట్నం నుంచో, అల్లూరు నుంచో ఒక కుటుంబం సినిమాకి రావాలంటే టికెట్ ఒక్కటే కాదు. ఆటో ఛార్జీ, పార్కింగ్, పిల్లలకు పాప్‌కార్న్, రాత్రి ఇంటికి వెళ్ళాక వండుకునే ఓపిక లేక కట్టించుకునే పరోటా. రోజు కూలి మొత్తం పోతుంది. 2022 జనవరిలో టికెట్ రేట్ల గొడవ నడుస్తున్నప్పుడు మీరు వెలగపూడి సచివాలయానికి వెళ్ళి మంత్రిగారితో మాట్లాడి వచ్చారు. వస్తువు ధర తయారుచేసినవాడు నిర్ణయించుకోవాలని వాదించారు. ఆ వాదన మాలో కొందరికి నచ్చింది. అలాంటప్పుడు కొనేవాడికి ఇచ్చే వస్తువు మీద తయారుచేసినవాడికి బాధ్యత ఉంటుంది కదా సార్. 2020 లాక్‌డౌన్‌లో ఒక్కో సినిమాకు డబ్బు కట్టించుకుని ఫోన్లో చూపించారు. మీ పేరు మీద నమ్మకంతో కట్టినవాళ్ళు మాలో ఉన్నారు. వంద రూపాయలే, కాదనం. ఆ వంద కట్టింది 'శివ' చూసిన జ్ఞాపకానికి.

2. హాలు నడిపేవాళ్ళు. సినిమా వ్యాపారంలో నెల్లూరు విడిగా ఒక ఏరియా, అదీ చిన్న ఏరియా. ఇక్కడ కొనేవాళ్ళు పెద్ద పెద్ద కంపెనీలు కావు. దర్శకుడి పేరు చూసి అప్పు తెచ్చి అడ్వాన్స్ కట్టేవాళ్ళుంటారు. రెండో రోజుకి హాలు ఖాళీ అయితే ఆ నష్టం సినిమా కొన్నవాడి దగ్గరే ఆగదు. క్యాంటీన్ వేలంపాటలో తీసుకున్నవాడు, స్టాండు కాపలాదారు, గేటు దగ్గర టికెట్ చించేవాడు, ఊడ్చే ఆమె, అందరికీ తగులుతుంది. మా చుట్టుపక్కల టౌన్లలో సింగిల్ స్క్రీన్లు ఒక్కొక్కటిగా కల్యాణమండపాలూ గోడౌన్లూ అవుతున్నాయి. దానికి కారణం మీరని అనడం లేదు, ఓటీటీలు ఉన్నాయి, ఇంకా చాలా ఉన్నాయి. కానీ హాల్లో మాత్రమే చూడాల్సిన సినిమా తీయగలిగినవాళ్ళు మనకు కొద్దిమందే ఉన్నారు. అందులో మీరొకరు. అందుకే అడుగుతున్నాం.

3. ఆడవాళ్ళు. ఇది రాయడం కొంచెం కష్టంగా ఉంది, అయినా రాయాలి. 'రాత్రి'లో రేవతి గారు, 'క్షణక్షణం'లో శ్రీదేవి గారు, 'సత్య'లో షెఫాలీ గారు చేసిన పాత్రలకు భయం ఉంది, కోపం ఉంది, తిక్క ఉంది, తెలివి ఉంది. మా ఇళ్ళలో అక్కాచెల్లెళ్ళు ఆ సినిమాలు మాతో కూర్చుని చూశారు. కొన్నేళ్ళుగా మీ పేరుతో వచ్చిన సినిమాల్లో చాలావాటిలో కెమెరా అమ్మాయి ముఖం దాకా రావడమే లేదు. ట్రైలర్ వస్తే ఇంట్లో ఫోను బోర్లా పెట్టాల్సి వస్తోంది. మీ అభిమానుల్లో సగం మందిని మీరు అలా బయట నిలబెట్టారు. ఈ లేఖలో మాతో కలిసిన ఆడవాళ్ళు ఈ పాయింటు తప్పకుండా రాయాలని పట్టుబట్టారు.

4. సినిమా తీయాలనుకునే పిల్లలు. మాకు అన్నిటికంటే బాధ ఇక్కడే. ఒకప్పుడు మీ ఆఫీసే ఒక కాలేజీ. కృష్ణవంశీ, తేజ, శివనాగేశ్వరరావు, పూరి జగన్నాథ్ గార్లు మీ దగ్గర పనిచేసి బయటికొచ్చి తెలుగు సినిమాను ఎటు తిప్పారో అందరికీ తెలుసు. 'సత్య' రాసిన అనురాగ్ కశ్యప్ హిందీలో ఎక్కడికి వెళ్ళారో తెలుసు. ఏ అనుభవం లేని కుర్రాణ్ణి పట్టుకుని నువ్వు చేయగలవు అని పని అప్పజెప్పే ధైర్యం మీది. ఇప్పుడు మా ఊళ్ళో డిగ్రీ పిల్లలు ఫోన్లతో షార్ట్ ఫిలిమ్స్ తీస్తున్నారు. చేతిలో ఉన్న కెమెరా 'శివ' నాటి కెమెరాలు చేయలేనివి కూడా చేస్తుంది. స్క్రిప్టు ఎక్కడ బాబూ అని అడిగితే, వర్మ గారు స్క్రిప్టు లేకుండానే తీసేస్తారంట సార్, గొడవ అయితే చాలు జనం చూస్తారు అంటున్నారు. వాళ్ళు నేర్చుకున్న వర్మ ఈ వర్మ. వాళ్ళ తప్పు లేదు, వాళ్ళకు ఊహ తెలిసేసరికి మీరు కనిపించింది ఇలాగే. 2025 నవంబర్ 14న 'శివ' 4కే ప్రింటుతో, డాల్బీ అట్మాస్ శబ్దంతో మళ్ళీ వచ్చినప్పుడు వీళ్ళలో కొందరిని తీసుకెళ్ళాం. ఇంటర్వెల్‌లో ఒకడు బయటికొచ్చి, అన్నా, ఇది నిజంగా ఆయనే తీశాడా అని అడిగాడు.

5. మీ పేరు. ఒంగోలులో మీ పేరు మేం గట్టిగా విన్నది 2025 ఫిబ్రవరిలో. మద్దిపాడు పోలీస్ స్టేషన్లో నమోదైన సోషల్ మీడియా పోస్టుల కేసులో విచారణకు మీరు వచ్చారు. టీవీ కెమెరాలు, తోపులాట. ఆ కేసులో న్యాయాన్యాయాలు కోర్టులు చూసుకుంటాయి, అది మా విషయం కాదు. మాలో అన్ని పార్టీల వాళ్ళూ ఉన్నారు. 'నేటి భారతం', 'ప్రతిఘటన' తీసిన టి. కృష్ణ గారిది ఈ గడ్డే. దర్శకుడు మా జిల్లాకి వస్తున్నాడంటే సినిమా గురించి మాట్లాడుకోవాలని ఆశపడే ఊరు ఇది.

ఇక మా కోరికలు.

1. 'సిండికేట్' తొందరపడి తీయకండి. రెండేళ్ళు పట్టినా ఫర్వాలేదు, మేం ఆగుతాం. తీసినప్పుడు హాలుకే ఇవ్వండి.

2. మీరు దర్శకత్వం వహించని సినిమా పోస్టరు మీద మీ పేరు దర్శకుడి పేరు కంటే పెద్దదిగా వేయకండి. కథ మాత్రమే ఇస్తే కథ అని పెద్ద అక్షరాల్లోనే వేయండి. టికెట్ కొనేవాడికి అది తెలియాలి.

3. రచయితలను మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకోండి. 'శివ' మాటలు తనికెళ్ళ భరణి గారివి. 'సత్య' వెనక అనురాగ్ కశ్యప్, సౌరభ్ శుక్లా ఉన్నారు. మీ మంచి సినిమాలన్నిటిలో మీతో వాదించేవాడు ఒకడు ఉన్నాడని మా నమ్మకం. ఇప్పుడు మీ చుట్టూ అలాంటివాళ్ళు కనపడటం లేదు.

4. ఒక్క తెలుగు సినిమా, తెలుగు నేల మీద తీయండి. కథలు లేవని ఎవరన్నా అంటే మా దగ్గరికి పంపండి. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ క్వారీలున్నాయి, తాటిచెట్లంత లోతు గోతులు, వాటి చుట్టూ తిరిగే డబ్బు. టంగుటూరు, కొండపిలో పొగాకు వేలం ఫ్లోర్లు ఉన్నాయి, పొగాకు కట్ట ముందు నిలబడిన రైతు మొహం, రేటు పలికే ఆ కొన్ని సెకన్లు మీ కెమెరాకే తెలియాలి. సైదాపురం గనులున్నాయి. కృష్ణపట్నం ఓడరేవుంది.

అన్నిటికంటే రొయ్యల చెరువు. మాలో ఒకాయన చెరువు కాపలా చేస్తాడు. రాత్రంతా నీళ్ళకు గాలి ఎక్కించే ఏరేటర్లు తిరుగుతుంటాయి, నీళ్ళు కొట్టుకునే ఆ చప్పుడులోనే నిద్రపోతాడు. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే ఆయన్ని లేపేది నిశ్శబ్దం. గబుక్కున లేచి, టార్చి దొరక్క, చీకట్లో గట్టు మీద పరిగెత్తి జనరేటర్ తిప్పాలి. ఆలస్యమైతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి, తెల్లారేసరికి పంట మొత్తం పోతుంది, లక్షల అప్పు మిగులుతుంది. ఒకవేళ ఆ కరెంటు పోలేదు, ఎవరో తీశారు అనుకోండి. జనరేటర్లో డీజిల్ కూడా ఎవరో తీశారు అనుకోండి. గట్టు చివర ఎవరో నిలబడి ఉన్నారు అనుకోండి. శబ్దం ఆగితే భయం వేసే ఈ సీను తీయగలిగినవాడు మాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. దీనికి స్టార్ అక్కర్లేదు, సెట్టు అక్కర్లేదు. చెరువు మేం చూపిస్తాం, పడుకోడానికి మంచం వేస్తాం.

5. బతికున్న మనుషుల మీద ఎన్నికల ముందు సినిమాలు ఆపండి. 'లక్ష్మీస్ ఎన్టీఆర్' నుంచి 'వ్యూహం' దాకా చూశాం. అవి విడుదలైన వారం గొడవలు నడుస్తాయి, ఆ తర్వాత వాటిని మళ్ళీ చూసినవాళ్ళు మాకు కనపడలేదు. రాజకీయం తీయొద్దని కాదు. 'గాయం'లో రాజకీయం లేదా? అందులో ఏ పార్టీ వాడైనా తన ఊరి నాయకుణ్ణి చూసుకున్నాడు.

6. 'శివ'కు చేసినట్టే 'క్షణక్షణం', 'రాత్రి', 'గాయం' సినిమాలకు కూడా మంచి ప్రింట్లు, మంచి శబ్దం చేయించి హాళ్ళకు తెచ్చేలా వాటి హక్కులున్నవాళ్ళతో మాట్లాడండి. మీరు అడిగితే కాదనరు. ముఖ్యంగా 'రాత్రి'. దాన్ని ఫోన్లో, ఇయర్‌ఫోన్లో చూడటం అన్యాయం.

7. ఒక్కసారి ఒంగోలుకో నెల్లూరుకో రండి. సన్మానం చేయం, శాలువా కప్పం, గజమాల అసలే ఉండదు. సినిమా తీయాలనుకునే పిల్లలు కూర్చుంటారు. కాలేజీలో చదువుతూ, ఆ తర్వాత అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల షాపు నడుపుతూ, ఎవరి దగ్గరా ఎక్కువ కాలం అసిస్టెంటుగా చేయకుండా 'శివ' దాకా ఎలా వచ్చారో, ఒక షాట్ గురించి ఎన్ని రాత్రులు ఆలోచించారో వాళ్ళకు చెప్పండి. స్క్రిప్టు ఎక్కడ అని వాళ్ళను మీరే అడగండి. మేం అడిగితే వినరు, మీరు అడిగితే వింటారు.

ఈ ఏడింటిలో ఏది కుదురుతుందో, ఏది కుదరదో మీరే బహిరంగంగా చెప్పండి. మీ పద్ధతిలో తిడుతూ చెప్పినా అభ్యంతరం లేదు. 'సిండికేట్' మొదటి ఆట టికెట్ల కోసం లైన్లో మేం ఉంటాం. ఆ రోజుకి మా పిల్లలను వెంట తెచ్చుకోవచ్చో లేదో మాత్రం ముందుగా చెప్పండి.

ఇట్లు,
నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు ప్రాంతాల మీ అభిమానులు